బిగ్ బేర్ గద్దల గూడు లైవ్ కెమెరా: మూడు సీజన్లు చూశాక

2023 జనవరి నుంచి మా ఇంట్లో రాత్రి భోజనాల వేళ టీవీలో సీరియల్ బదులు ఒక గూడు కనిపిస్తోంది. కాలిఫోర్నియాలో బిగ్ బేర్ సరస్సు దగ్గర జెఫ్రీ పైన్ చెట్టు మీద, సుమారు 145 అడుగుల ఎత్తున తెల్లతల గద్దలు కట్టుకున్న గూడు. ఆడగద్ద పేరు జాకీ, మగగద్ద షాడో. ఫ్రెండ్స్ ఆఫ్ బిగ్ బేర్ వ్యాలీ అనే సంస్థ యూట్యూబ్‌లో ఇరవై నాలుగు గంటలూ ఉచితంగా చూపిస్తుంది. చలికాలంలో మనకు రాత్రి ఎనిమిదిన్నర అయితే అక్కడ ఉదయం ఏడు.

కెమెరా చాలా బాగుంది. చీకట్లోనూ ఇన్‌ఫ్రారెడ్‌లో ఈక ఈకా కనిపిస్తుంది, ఆ వెలుతురు పక్షులకు తెలియదు. గాలి వీస్తే మాత్రం మైకులో హోరు, అప్పుడు సౌండ్ తగ్గించుకుంటాను.

ఓపిక ఉండాలి. అమ్మమ్మ ఇంట్లో గంప కింద కోడి 21 రోజులు పొదిగితే పిల్లలు వచ్చేవి. ఇక్కడ 38 రోజులకు అటూఇటూ. 2023లో జాకీ రెండు గుడ్లు పెట్టింది, పిల్లలు కాలేదు. 2024లో మూడు. ఫిబ్రవరి మంచు తుఫానులో జాకీ దాదాపు 62 గంటలు గుడ్ల మీంచి లేవలేదు. వీపంతా మంచు కప్పేసింది, తల ఒక్కటే కనిపించేది. ఆ గుడ్లలోంచీ పిల్లలు రాలేదు. గడువు దాటి వారాలు గడిచినా జాకీ, షాడో వంతులేసుకుని కూర్చుంటుంటే అమ్మ చూడలేక లోపలికి వెళ్లిపోయేది.

2025లో మళ్లీ మూడు. మొదటి పిల్ల వచ్చింది అక్కడ మార్చి 3 రాత్రి, మనకు మర్నాడు మధ్యాహ్నం. ఆఫీసులో లంచ్ బాక్సు పక్కన పెట్టి ఫోన్లో చూశాను. ఇంటికి వచ్చేసరికి రెండోది కూడా వచ్చేసింది. జాకీ గూట్లో అడుగేస్తే గోళ్లు లోపలికి ముడుచుకుని పిడికిలి మీద నడిచినట్టు నడుస్తుంది, పిల్లలకు గీసుకోకుండా. చేపలోంచి గోరంత ముక్క తుంచి, తల పక్కకు వంచి, ఊగుతున్న ఆ చిన్న నోటి దగ్గర పట్టుకుంటుంది. పిల్ల గురి తప్పితే మళ్లీ పడుతుంది. "అంత ముక్కుతో ఎంత మెత్తగా పెడుతోందో చూడవే" అంది అమ్మ.

మూడోది మార్చి 8న వచ్చింది. 14న, హోళీ సాయంత్రం, కెమెరా పెడితే రాత్రంతా మంచు తుఫాను కొట్టిందని అర్థమైంది. జాకీ లేచినప్పుడు రెండు తలలే కనిపించాయి. ఇది అడవి గూడు, మనుషులెవరూ వెళ్లి కాపాడరు. చిన్నపిల్లలతో చూసేవాళ్లు ఈ మాట వాళ్లకు ముందే చెప్పండి. నేను చెప్పలేదు, మా అన్నయ్య కూతురు రెండు రోజులు సరిగా తినలేదు. పోయిన పిల్లకు తర్వాత మిస్టీ అని పేరు పెట్టారు. మిగిలిన రెండింటికీ అక్కడి మూడో తరగతి పిల్లల ఓట్లతో సన్నీ, గిజ్మో అని పెట్టారు.

అయినా సరే, చూడమనే చెబుతాను. ఎడిటింగ్ లేదు, వెనకాల ఏడిపించే సంగీతం లేదు. ఉన్నది ఉన్నట్టు ఇంత దగ్గరగా చూపించేది నాకు మరొకటి దొరకలేదు.

జూన్ 2న సన్నీ ఎగిరింది. గిజ్మో గూటి అంచున రెక్కలు ఆడిస్తూ ఇంకో ఐదు రోజులు టెన్షన్ పెట్టి, 7న ఎగిరింది. "మళ్లీ గుడ్లెప్పుడు?" అని అమ్మ ఆ రాత్రే అడిగింది.