వకూ బకూ మధ్య: మా క్లినిక్ రికార్డుల సాఫ్ట్‌వేర్, నాలుగేళ్ల వాడకం తర్వాత

సాఫ్ట్‌వేర్ పేరు చెప్పను. ఇప్పటికీ దాంతోనే పని నడుస్తోంది, ఏదైనా చెడితే ఆ కంపెనీవాళ్లకే ఫోన్ చేయాలి. ఒడిశా అంచున ఉన్న పర్లాకిమిడిలో ఒకే డాక్టరుగారు చూసే చిన్న క్లినిక్ మాది. నేను మందుల కిటికీ దగ్గర కూర్చుంటాను. బిల్లులు, అపాయింట్‌మెంట్లు, ల్యాబ్ రిపోర్టుల విషయంలో ఇది మిగతావాటిలాంటిదే, కొత్తగా చెప్పడానికేమీ లేదు. నేను చెప్పదలచింది పేరు వెతికే పద్ధతి గురించి. దాన్ని చూసే దీన్ని కొన్నాం. రెండేళ్లు దాన్ని చూసి మురిసిపోయాను. ఇప్పుడు నా కోపమంతా దాని మీదే.

మా ఊరి సంగతి తెలియకపోతే ఆ మురిపెం అర్థం కాదు. ఊరు దాటగానే పాతపట్నం, అంటే ఆంధ్రప్రదేశ్. ఇటు కొండల మీద సవరలు. ఊళ్లో తెలుగువాళ్లు, ఒడియావాళ్లు ఒకే వీధిలో ఉంటారు. తెలుగువాళ్లు ఇంటిపేరు ముందు చెబుతారు, ఒడియావాళ్లు చివర చెబుతారు. మనం కమల అంటే వాళ్లు కొమొళా అంటారు. రిజిస్టరు దగ్గర కూర్చునే అమ్మాయి చెవికి ఎలా వినబడితే అలా ఇంగ్లీషు అక్షరాల్లో కొడుతుంది. పాత పుస్తకాల కాలంలో ఒకే మనిషికి మూడు చీటీలు ఉండేవి. గిడుగు రామమూర్తి పంతులుగారు సవరల మాటలు విని రాసుకున్న ఊరు ఇది. మేము మాత్రం సవరల పేర్లు కూడా సరిగ్గా రాసుకోలేకపోయాం.

ఈ సాఫ్ట్‌వేర్ వచ్చాక కమల అని కొడితే కొమొళా కూడా వచ్చింది. గమాంగో అనే సవర ఇంటిపేరు కొడితే గొమాంగో వచ్చింది. లక్ష్మిని ఎన్ని రకాలుగా రాసినా ఒక్కచోటికే చేరింది. చూపించడానికి వచ్చిన కంపెనీ కుర్రాడు ఇది తమ సొంత పద్ధతి అనీ, పేటెంటుకు దరఖాస్తు చేశామనీ అన్నాడు. కరపత్రంలోనూ అదే ఉంది. నమ్మాను.

ఒక వానాకాలం మధ్యాహ్నం రోగులెవరూ లేనప్పుడు, కాగితం పెట్టుకుని పేర్లు ఒక్కొక్కటే కొట్టి చూశాను. గుట్టు తెలిసింది. మొదటి అక్షరాన్ని అలాగే ఉంచుతుంది. తర్వాత వచ్చే అచ్చుల్ని వదిలేసి, హల్లుల్ని ఆరు గుంపులు చేసి, ఒక్కో గుంపుకు ఒక అంకె ఇస్తుంది. బి, వి, పి, ఎఫ్ ఒక గుంపు, డి, టి ఒకటి, ఎం, ఎన్ ఒకటి. కమల అయినా కొమొళా అయినా కె-540. ఇది సౌండెక్స్ పద్ధతి. అమెరికాలో రాబర్ట్ రస్సెల్ అనే ఆయన దీనికి 1918 ఏప్రిల్ 2న పేటెంటు పొందాడు. అప్పటికి కంప్యూటర్ లేదు, సొరుగుల్లో కార్డులు సర్దుకోవడానికి కనిపెట్టాడు. అక్కడ ఆ రోజుల్లో పేటెంటు గడువు పదిహేడేళ్లు, అంటే 1935తో దాని కథ ముగిసింది. మన చట్టంలోనైతే సెక్షన్ 3(కె) ప్రకారం ఉత్త కంప్యూటర్ ప్రోగ్రాముకు పేటెంటే లేదు. కంపెనీవాళ్లు దీనికి తమదంటూ ఏదైనా కలిపారేమో. మా క్లినిక్‌లో మాత్రం నాకు ఆ తేడా కనబడలేదు. అయినా అప్పుడు కోపం రాలేదు, పైగా ముచ్చటేసింది. నూరేళ్ల కిందటి కార్డుల సొరుగు మా ఊరి అ, ఒ తగాదాను తీర్చిందని.

మందుల వైపు దీన్ని ఇప్పటికీ మెచ్చుకుంటాను. నేను చదివింది రసాయన శాస్త్రం. ఐబుప్రొఫెన్‌ను 1960లలో బూట్స్ సంస్థ ఆరు దశల్లో తయారు చేసేది, 1990లకు వచ్చేసరికి దాన్ని మూడు దశలకు తగ్గించారు. ఏ దారిలో వచ్చినా అణువు అదే. మన దేశంలో 1970 చట్టం మందుకు కాక, దాన్ని తయారు చేసే పద్ధతికే పేటెంటు ఇచ్చేది. 2005 దాకా అదే నడిచింది. అందుకే వేరే దారిలో అదే మందు చేసి, వేరే పేరు పెట్టి అమ్మినవాళ్లు ఎందరో. మా అల్మారాలోనే కోట్రైమోక్సజోల్ అనే సల్ఫా మందు మూడు పేర్లతో ఉంది. రోగికి సల్ఫా పడదని ఒక్కసారి రాస్తే చాలు, ఈ సాఫ్ట్‌వేర్ ఆ మూడింటికీ ఎర్ర గళ్లు చూపిస్తుంది. మలేరియాకు ఆర్టిసునేట్‌తో కలిపి ఇచ్చే పొట్లంలోని సల్ఫాడాక్సిన్‌ను కూడా వదల్లేదు. ఇక్కడ వంక పెట్టలేను. అయితే ఆ గడి కనబడాలంటే ముందు సరైన మనిషి ఫైలు తెరవాలి.

నిరుడు శీతాకాలంలో ఒక పెద్దాయన కోడలిని వెంటబెట్టుకుని వచ్చారు. మూత్రంలో మంట, కొద్దిగా జ్వరం. డాక్టరుగారు తెర చూసి, కోట్రైమోక్సజోల్ రాశారు. నేను మాత్రలు కత్తిరించి కిటికీలో పెట్టాను. ఆయన ఒకటి వేళ్ల మధ్య తిప్పి చూసి, "ఈ పెద్ద బిళ్ళ పోయినసారి నాకు పడలేదమ్మా" అన్నారు.

కోడలు అడ్డుపడింది. "అది వేరే మందు మామయ్యా. ఇది మూత్రం మంటకు ఇచ్చారు."

"ఒళ్లంతా దద్దుర్లు లేచాయి. నోట్లో పుండ్లు పడ్డాయి. అప్పుడూ ఇక్కడే చూపించుకున్నాను."

ఆ "ఇక్కడే" అన్న మాటకు నా చెయ్యి ఆగిపోయింది. తెర మీద "మొదటిసారి వచ్చిన రోగి" అని ఉంది. అలర్జీల వరుసలో, పచ్చ రంగులో, "లేవు" అని ఉంది.

"ఈరోజు పేరు ఎలా రాయించారు తాతగారూ?"

"కార్డులో ఉన్నట్టే. బాసుదేబ్."

"మరి అప్పుడు?"

"అప్పుడు నువ్వు అడిగావు కదా, వాసుదేవరావు అని చెప్పాను."

వి అక్షరంతో కొట్టాను. వచ్చింది. రెండేళ్ల కిందటి ఫైలు, అందులో నేనే రాసిన మాట, ఎర్ర రంగులో: సల్ఫా పడదు. అప్పుడిచ్చింది కొడుకు ఫోన్ నంబరు, ఇప్పుడిచ్చింది కోడలిది. కాబట్టి నంబరుతో వెతికినా దొరికేది కాదు. డాక్టరుగారు మాట్లాడకుండా చీటీ చించి వేరే మందు రాశారు. ఆ పూట నేను భోజనం చేయలేదు.

సాయంత్రం కాగితం తీశాను. వాసుదేవ వి-231, బాసుదేబ్ బి-231. అంకెలన్నీ ఒకటే, మొదటి అక్షరం వేరు. ఒడియావాళ్లు మన వను బగా పలుకుతారని మా ఊళ్లో బడిపిల్లలకూ తెలుసు. పేరు మధ్యలో ఉంటే ఈ పద్ధతి కూడా వి, బిలను ఒకటిగానే చూస్తుంది, అందుకే సవర, సబర్ ఇద్దరూ ఎస్-160గా కలిసిపోతారు. అదే అక్షరం పేరుకు మొదట వస్తే వేర్వేరు సొరుగుల్లో పడతారు. మొదటి అక్షరం సొరుగు గుర్తు కదా మరి. వెంకట, బెంకట కూడా అంతే. రెండేళ్లు నేను మురిసిపోయినప్పుడు నాకు దొరికినవాళ్లే కనబడ్డారు, దొరకనివాళ్లు కొత్త రోగులుగా నమోదవుతూ పోయారు. చిన్న పేర్లతో తిప్పలు వేరే రకం. రామ, రాము, రమ, రాణి అందరూ ఆర్-500. ఒకరిని వెతికితే తెర నిండిపోతుంది. దాన్ని ముందునుంచీ చిన్న ఇబ్బందిగా సరిపెట్టుకున్నాను.

కంపెనీకి ఫోన్ చేస్తే మర్యాదగానే విన్నారు. రెండో పేజీలో "ఇతర పేర్లు" అనే గడి ఉందని చెప్పారు. నిజమే, ఉంది. మేమెప్పుడూ నింపలేదు, అది మా తప్పే. ఆ రాత్రే పెద్దాయన ఫైలులో నింపి చూశాను. వెతుకులాట ఆ గడిలోకి వెళ్లదు! ఆ మాట చెబితే తర్వాతి వర్షన్‌లో చూస్తామన్నారు. ఆ తర్వాత రెండు వర్షన్లు వచ్చాయి. మొదటి దాంతో బిల్లు మీద బొమ్మ మారింది.

పచ్చ "లేవు" సంగతి మాత్రం నేను క్షమించలేను. ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు, గడి ఖాళీగా ఉంది. ఖాళీ గడిని "లేవు" అని చదివి వినిపించే హక్కు దానికి ఎవరిచ్చారు? గట్టిగా పట్టుబట్టాక రెండో వర్షన్‌లో దాన్ని "అడగలేదు" అని మార్చారు, బూడిద రంగులో. నాలుగేళ్లలో వాళ్లు మాకు చేసిన ఉపకారాల్లో అది పెద్దది.

ఇప్పుడు రిజిస్టరు బల్ల మీద ఒక అట్టముక్క అంటించాం: "వ అయితే బతో కూడా వెతకాలి." ప్రభుత్వ ఆరోగ్య ఖాతాకు ఇచ్చే పద్నాలుగు అంకెల ఆభా నంబరు ఉంటే ఈ గొడవే ఉండదంటారు. నిజమే, కానీ కొండ దిగి వచ్చేవాళ్లను ముందు కూర్చోబెట్టి మంచినీళ్లిస్తాం కానీ నంబరు అడగం.

కొనమంటారా అని పాతపట్నం నుంచి ఒక స్నేహితురాలు అడిగింది. వాళ్ల దగ్గర దాదాపు అందరూ తెలుగువాళ్లే, ఆమెకు బాగానే పనికొస్తుందేమో. మందుల గళ్ల కోసమైతే కొనమనే చెప్పాను. బరంపురం వైపు ఉండే మా అక్క అడిగితే మాత్రం వారం రోజులు ఊరకనే పెట్టించుకుని, తన రోగుల పేర్లే కొట్టి చూడమన్నాను. మా డాక్టరుగారు మార్చే ఆలోచనలో లేరు, నాలుగేళ్ల ఫైళ్లు మోసుకెళ్లడం ఎవరి వల్ల అవుతుంది?

పోయిన నెల ఆ పెద్దాయన మళ్లీ వచ్చారు, ఈసారి మోకాలి నొప్పి. రిజిస్టరు దగ్గర అమ్మాయి పేరు అడిగితే, "ఏ పేరు కావాలి?" అని కిటికీ వైపు తిరిగి నన్ను చూసి నవ్వారు.