మా బస్టాండు వెనక వైన్ షాపు: సర్వీసుకి నాలుగు స్టార్లు, రేట్ల బోర్డుకి ఒకటిన్నర

నేను లారీ ఆఫీసులో లెక్కలు రాస్తాను. శనివారం సాయంత్రం ఒక లైట్ బీరు, మా బావమరిది వస్తే ఇంకోటి. మందులో నా అనుభవం అంతే. కాబట్టి ఏ విస్కీ గొంతులో ఎలా దిగుతుందో ఈ రివ్యూలో దొరకదు. కౌంటరు, ఫ్రిజ్, బిల్లు, రేటు. నేను చూసేవి అవే, రాస్తున్నదీ వాటి గురించే.

ఊరు కాకినాడకీ యానాంకీ మధ్య. షాపు 2024 అక్టోబరులో, మళ్ళీ ప్రైవేటువాళ్ళకి షాపులిచ్చిన కొత్త మద్యం పాలసీతో తెరిచారు. పొద్దున్న పదింటికి తీసి రాత్రి పదింటికి కట్టేస్తారు. లాటరీలో తగిలిన షాపు. ఆ లాటరీ సంగతి ఆంధ్రలో తెలియనివాళ్ళు లేరు గానీ, బయట ఉన్నవాళ్ళ కోసం చెప్తున్నా: 3,396 షాపులకి దరఖాస్తులు పిలిచారు. ఒక్కో దరఖాస్తుకి 2 లక్షలు, షాపు తగిలినా తగలకపోయినా ఆ డబ్బు వెనక్కి రాదు. దాదాపు 90 వేల దరఖాస్తులు పడ్డాయి. ఒక్క సీసా అమ్మకముందే సర్కారుకి 1,800 కోట్ల దాకా వచ్చిపడింది. మా ఆఫీసులో ముగ్గురు కలిసి ఒకటి వేశారు, తగల్లేదు. ఇళ్ళల్లో ఇంకా చెప్పినట్టు లేరు, మీరూ చెప్పకండి.

సర్వీసు బాగుంది. కౌంటర్లో ఇద్దరు కుర్రాళ్ళు, మనం పేరు పూర్తిగా పలికేలోపే చెయ్యి ఆ అరలో ఉంటుంది. ఫోన్‌పే ఉంది. ఇది చిన్న విషయం అనుకోకండి. 2019 అక్టోబరు నుంచి ఐదేళ్ళు సర్కారే షాపులు నడిపినప్పుడు మా పక్క చాలాకాలం నోట్లే నడిచాయి. బ్రాండు అడగడం కూడా తప్పే అన్నట్టు ఉండేది. లైట్ బీరు అడిగితే ఎన్నడూ వినని పేరున్న స్ట్రాంగు చేతిలో పెట్టి, వెనకవాడి మొహం చూసేవారు. ఇప్పుడు ఫ్రిజ్‌లో అన్నీ ఉన్నాయి, చల్లగానే ఉన్నాయి. ఒక్క లోపం: సాయంత్రం రద్దీలో ఎమ్మార్పీ మీద పది రూపాయలు ఎక్కువ అడుగుతారు. ఎందుకంటే "కూలింగ్ అండి" అంటాడు. బిల్లు ఇమ్మంటే ఆ కూలింగ్ వెంటనే కరిగిపోతుంది. స్టారు కోత అక్కడే.

అసలు చెప్పాల్సింది రేట్ల బోర్డు గురించి.

సాయంత్రం ఆరు దాటాక ఈ షాపు ముందు నిలబడితే ఒక్క మాటే ఎక్కువ వినిపిస్తుంది: "నైంటీ నైనొకటి." బ్రాండు పేరు కాదది, రేటు. కొత్త పాలసీలో 180 ఎంఎల్ క్వార్టరు 99 రూపాయలకే ఇస్తామన్నారు, ఇచ్చారు. మేస్త్రీలు, ముఠా కూలీలు, రొయ్యల చెరువుల దగ్గర పనిచేసేవాళ్ళు, మా లారీ క్లీనర్లు వంద నోటు ముందే మడిచి పట్టుకుని వస్తారు. మిగిలే రూపాయి ఎవరూ అడగరు.

ఒకసారి ఆ సీసా తీసుకుని లేబులు చదివాను, లెక్కలవాణ్ణి కదా. జేబులో ఒదిగేలా బల్లపరుపు సీసా, మూత మీద సర్కారు స్టిక్కరు, మద్యపానం ఆరోగ్యానికి హానికరం అన్న హెచ్చరిక, ఓ మూల చీమ తలకాయంత అక్షరాల్లో 42.8 శాతం. అంటే 180 ఎంఎల్‌లో 77 ఎంఎల్ అచ్చమైన ఆల్కహాలు. నేను కొనే లైట్ బీరు 650 ఎంఎల్, 5 శాతం. అందులో ఉన్నది 32న్నర. దాని రేటు నూట యాభై అనుకుందాం, నిజానికి ఇంకా పైమాటే. ఇప్పుడు భాగించండి. బీరులో ఒక్క ఎంఎల్ ఆల్కహాలు నాలుగున్నర రూపాయల పైన పడుతుంది. 99 క్వార్టరులో రూపాయి ముప్పై పైసల లోపే. రెండు బీర్లు ఖాళీ చేసి మూడోది మూడో వంతు దాకా తాగితే గానీ ఆ చిన్న సీసాలో ఉన్నంత ఆల్కహాలు ఒంట్లోకి పోదు. అందుకు నాకు మూడొందల యాభై ఖర్చు, పక్కన నిలబడ్డ మేస్త్రీకి తొంభై తొమ్మిది.

మద్యం మీద పన్ను పెంచాలా వద్దా అని టీవీలో పోట్లాడుకుంటారు చూడండి, అందులో ఈ లెక్క ఒక్కసారి కూడా వినలేదు. ఒకరు "పేదవాడికి నాణ్యమైన మందు చవగ్గా" అంటారు, ఇంకొకరు "రేట్లు షాక్ కొట్టేలా ఉంటేనే మానేస్తారు" అంటారు. రెండింటినీ ఈ ఊళ్ళోనే చూశాం. 2020 మేలో లాక్‌డౌన్ మధ్యలో షాపులు తెరిచిన రోజే 25 శాతం పెంచారు, మర్నాడు ఇంకో 50. ఏడాది తిరిగాక 2021 చివర్లో మళ్ళీ తగ్గించారు. పెంచినప్పుడు చెప్పిన కారణం తాగుడు తగ్గించడం. తగ్గించేటప్పుడు చెప్పినది నాటుసారా, పక్క రాష్ట్రాల సరుకు ఆపడం. రెండూ అబద్ధం కాదు, అదే చిక్కు.

మా ఆఫీసు ఊడ్చే ఆవిడ భర్త తాపీమేస్త్రీ. అతను నాతో ఏమన్నాడంటే, "రేటు పెంచితే నేను మానను బాబూ, ఇంటికిచ్చేది తగ్గిస్తా." ఇది విని నేను కొంతకాలం పన్ను అన్నదే పేదవాళ్ళ మీద దెబ్బ అని వాదించేవాణ్ణి. ఆవిడని కదిపితే వేరే సంగతి చెప్పింది. "ఆడి మాట నమ్మకండి. రెండొందలు ఉన్నప్పుడు రోజు విడిచి రోజు తాగేవోడు. ఒకటి కొనుక్కుని ఇద్దరు పంచుకునేవోరు. ఇప్పుడు రోజూ ఒకటి, ఆదివారం రెండు." తాగేవాడికీ, ఆ తాగుడికి ఇంట్లో లెక్క చూసుకునే మనిషికీ మధ్య నేను ఆవిడ లెక్కనే నమ్ముతాను. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా దుకాణం మూయించింది కూడా అలాంటి ఆడవాళ్ళే. ఆ ఊపుకి 1993లో సారా పోయింది, 1995 జనవరిలో రామారావుగారి సంపూర్ణ నిషేధం వచ్చింది, 1997లో చంద్రబాబుగారు ఎత్తేశారు.

ఎందుకు ఎత్తేశారో మా ఊరివాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. మాకు యానాం కూతవేటు దూరం. ఊరు తెలుగుదే, పాలన పుదుచ్చేరిది, పన్ను వాళ్ళది వేరే. మందు జీఎస్టీలోకి రాదు, ఏ రాష్ట్రం పన్ను ఆ రాష్ట్రం వేసుకుంటుంది కాబట్టి గోదారి పాయ పక్కన గీత దాటగానే రేటు మారిపోతుంది. పోలిక కోసం ఈ రివ్యూకని యానాంలో ఒక షాపుకీ వెళ్ళాను. బోర్డు పెద్దది, రేటు తక్కువ, రకాలు ఎక్కువ, కౌంటరు ముందున్న బళ్ళలో సగానికి ఆంధ్రా నెంబర్లు. వెనక్కి వచ్చేటప్పుడు చెక్‌పోస్టు దగ్గర డిక్కీ తెరిపిస్తారు. ఒక్క బీరు మిగులుబాటు కోసం ఆ టెన్షన్ ఎందుకని నేను అక్కడ తాగలేదు, తేలేదు కూడా. నా మాట విని మీరూ తేకండి. కానీ మా పన్ను ఒక్కసారిగా ఎంత పెరిగితే ఆ రోడ్డు మీద బళ్ళు అంత పెరుగుతాయి.

బళ్ళు లేనివాళ్ళ సంగతి ఇంకా ఘోరం. 2020 జూలై నెలాఖర్లో ప్రకాశం జిల్లా కురిచేడులో శానిటైజరు తాగి పదిమందికి పైగా చచ్చిపోయారు. లాక్‌డౌన్, మూతపడ్డ షాపులు, రేట్లు అన్నీ కలిసిన పాపం అది. పన్ను ఒక్కదాని మీదే నెట్టడం న్యాయం కాదు గానీ, రాత్రికి రాత్రి రేటు పెంచేవాళ్ళు ఆ ఊరి పేరు ఒకసారి గుర్తు చేసుకోవాలి.

మా మేనల్లుడు గ్లాస్గోలో చదువుతున్నాడు. ఫోన్‌లో ఈ 99 సంగతి చెప్తే నవ్వి, "మామయ్యా, ఇక్కడ ఆ సీసా ఐదు పౌండ్లకి తక్కువ అమ్మితే కేసు" అన్నాడు. స్కాట్లాండులో 2018 మే నుంచి సీసాలో ఎంత ఆల్కహాలు ఉందో అంత కనీస ధర. పది ఎంఎల్‌కి 50 పెన్నీలతో మొదలుపెట్టి 2024 సెప్టెంబరులో 65 చేశారు. మన క్వార్టరు లెక్క కడితే సరిగ్గా ఐదు పౌండ్లే, అంటే అయిదొందల పైమాట. మద్యం వల్ల చావులు సుమారు 13 శాతం తగ్గాయని అక్కడి ప్రజారోగ్య సంస్థ 2023లో అంచనా కట్టింది. అది పన్ను కాదు, పెరిగిన డబ్బు షాపువాడికే పోతుంది, అదొక్కటి నాకు నచ్చలేదు. మన దగ్గర ఆ తేడా ఖజానాకి రావాలి. కొలత మాత్రం వాళ్ళదే సరి. బ్రాండుని బట్టి, సీసా అందాన్ని బట్టి, తయారీ ఖరీదుని బట్టి కాకుండా లోపల ఉన్న సరుకుని బట్టి పన్ను.

మన దగ్గర అంతా తలకిందులు. డిస్టిలరీ అడిగే ధర ఎంత తక్కువైతే పన్నూ అంత తక్కువ పడేలా కట్టారు. అందుకే చవక సరుకు ఇంకా చవకైపోతుంది. సాయంత్రం ఆరింటి కుర్రాడికి బీరు బరువు, క్వార్టరు తేలిక. పద్దెనిమిదేళ్ళ క్లీనరు కుర్రాళ్ళు, అసలు వాళ్ళకి అమ్మనే కూడదు, బీరు తాగే వయసులోనే నేరుగా క్వార్టరుకి వెళ్ళిపోతున్నారు. ఎందుకురా అంటే "బీరుకి డబ్బులెక్కడివి సార్" అంటారు. ఈ ఒక్క మాట చాలు ఆ బోర్డుకి ఒకటిన్నర స్టారు ఎందుకు ఇచ్చానో చెప్పడానికి.

షాపు పక్క కిళ్ళీకొట్టులోనూ ఇదే వరస. 2025 సెప్టెంబరులో జీఎస్టీ కౌన్సిల్ కూల్‌డ్రింకులని 40 శాతం శ్లాబులో పెట్టింది, బీడీల మీద 28 శాతాన్ని మాత్రం 18కి దింపాలని తేల్చింది. బీడీలు చుట్టే ఆడవాళ్ళ కూలి గురించి అన్నారు, అర్థం చేసుకోగలను. కానీ బీడీ కాల్చేవాడి ఊపిరితిత్తులకి ఆ రాయితీ తెలియదుగా.

ఇక సర్కారు సంగతి. దశలవారీగా మద్యం మానిపిస్తామన్న ప్రభుత్వమే 2022లో మద్యం మీద రాబోయే ఆదాయం చూపించి వేల కోట్ల బాండ్లు అమ్మింది. మానిపించేవాడు అప్పు పుట్టించుకునేది తాగుడు మీదే అయితే ఇక ఎవరు మానిపిస్తారు? ఆ తర్వాత వచ్చినవాళ్ళు ఆ మాటే ఎత్తకుండా 99 అన్నారు. ఒక పార్టీని తిట్టి ఇంకో పార్టీని మెచ్చుకోవడానికి ఇక్కడ ఎవరి చేతులూ శుభ్రంగా లేవు.

నన్నడిగితే పన్ను పెంచాల్సిందే. క్వార్టరు నుంచి మొదలుపెట్టి, ఏడాదికి పదో పదిహేనో చొప్పున, ముందే చెప్పి పెంచాలి. అలా అయితే యానాం రోడ్డు మీద ఒక్కసారిగా తిరనాళ్ళ ఏర్పడదు. లైట్ బీరు జోలికి పోకుండా వదిలేస్తే చాలు, తగ్గించక్కర్లేదు. నా స్వార్థం ఉందంటారా, కొద్దిగా ఉంది. ఊళ్ళో బెల్టు షాపులు మాత్రం ముందు మూయించాలి. మా వెనక పేటలో రాత్రి పదకొండుకి కిరాణా కొట్టు వెనక తలుపు తడితే ఇదే క్వార్టరు ఇరవై ఎక్కువకి దొరుకుతుంది. ఆ ఇరవై ఏ ఖజానాకీ పోదు. సర్కారు పన్ను వెయ్యడానికి వెనకాడుతున్న చోట ఆ కొట్టువాడు దర్జాగా వసూలు చేసుకుంటున్నాడు, మరి అతని కస్టమర్లెవరూ మానలేదు సరే, రోజుకి రెండోది కొనడానికి మాత్రం ఆలోచిస్తారు. అడిగి చూశాను.

షాపుకి వెళ్ళేవాళ్ళకి: ఆరులోపు వెళ్ళండి, బండి బస్టాండు లోపల పెట్టండి, రోడ్డు మీద పెడితే ఆర్టీసీ డ్రైవర్లతో గొడవ. లైట్ బీర్లు ఫ్రిజ్ కింది అరలో ఎడమ పక్క ఉంటాయి, పైవి అంత చల్లగా ఉండవు. కూలింగ్ అని పది అడిగితే బిల్లు అడగండి.