1918 నాటి హోల్‌స్టర్ అన్నారు: కుట్టుకు నాలుగు స్టార్లు, అమ్మినవాళ్ళకు ఒకటి

కొన్నది అమెరికా సైన్యం వాడిన ఎం1916 తోలు హోల్‌స్టర్, అంటే 1916 మోడల్ ఒర, కోల్ట్ .45 పిస్టల్‌ది. ప్రకటనలో "మొదటి ప్రపంచ యుద్ధం నాటిది, అసలుది" అని రాశారు. 240 డాలర్లు పెట్టాను, పోస్టేజీ అదనం. ఆన్‌లైన్ దుకాణం. పేరు ఎందుకులెండి.

నేనుండేది ఇల్లినాయ్‌లోని మోలిన్‌లో. ఇంటి నుంచి కారులో కాస్త దూరం పోతే మిసిసిపీ నది మధ్య దీవిలో రాక్ ఐలండ్ ఆర్సెనల్, అంటే సైన్యం ఆయుధాల కర్మాగారం, ఉంటుంది. ఈ పాత ఒరల పిచ్చి నాకు అక్కడి మ్యూజియంలోనే పట్టింది. 1911లో సైన్యం కోల్ట్ ఆటోమేటిక్ పిస్టల్‌ను తీసుకుంది. దానికి 1912 మోడల్ ఒరలను కుట్టింది ఈ ఆర్సెనల్‌లోనే. గుర్రం మీద కూర్చున్నవాడి కాలితో పాటు ఊగాలని ఒరకూ పైపట్టీకీ మధ్య తిరిగే కీలు పెట్టారు. కింద తొడకు కట్టుకునే తోలు తాడు. 1916 మోడల్‌కు వచ్చేసరికి ఆ కీలు ఎత్తేశారు. తోలుపని చేసినవాళ్ళెవరైనా చూడగానే చెబుతారు, బరువంతా ఒకే చోట తిరుగుతుంటే ముందు తెగేది అక్కడే. కీలు చెడకుండా ఉన్న 1912 ఒర దొరకడం కష్టం, దొరికినా నా జేబుకు అందదు. అందుకే 1916 దగ్గర ఆగాను.

పెట్టె విప్పగానే చూపుకు బాగానే ఉంది. ఎర్రమట్టి రంగు తోలు, మూత మీద అండాకారంలో 'యూఎస్' అక్షరాలు, వెనక ఇత్తడి కొక్కెం, దాని కింద 'జి అండ్ కె 1918' ముద్ర. అంటే మాసచూసెట్స్‌లోని వూస్టర్ ఊరి గ్రాటన్ అండ్ నైట్ కంపెనీ. ఆ రోజుల్లో వాళ్ళు సైన్యానికి నిజంగానే ఇవి కుట్టిచ్చారు. కాబట్టి ముద్ర చదివి మోసమనడానికి లేదు. చిక్కంతా అక్కడే ఉంది. ముద్ర కొట్టే అచ్చు ఎవరైనా చేయించుకోవచ్చు.

నాకు అనుమానం వచ్చింది వాసనతో. నల్లగొండ వైపు మా ఊళ్ళో తాత తోళ్ళు ఊనేవాడు, అంటే పచ్చితోలును పదును చేసేవాడు. ఇంటి వెనక లందలు (తోళ్ళు నానబెట్టే తొట్లు), వాటిలో తంగేడు చెక్క, కరక్కాయలు. బడి నుంచి వస్తుంటే వీధి మలుపులోనే ఆ వాసన తగిలేది. బళ్ళో పిల్లలు ముక్కు మూసుకున్నారని ఏడ్చిన రోజులూ ఉన్నాయి, అది వేరే కథ. చెట్టు బెరడుతో ఊనిన తోలుకు నూరేళ్ళైనా లోపల ఎక్కడో ఓ తీపి కలిసిన వగరు వాసన మిగులుతుంది. అమెరికాలో వాడింది ఓక్, హెమ్లాక్ బెరళ్ళే అయినా సంగతి అదే. ఇదేమో మాల్‌లో చెప్పుల షాపు వాసన కొడుతోంది.

ఆదివారం పొద్దున నాయినకు వీడియో కాల్ చేశాను.

"అంచు చూపియ్యిరా. కోసిన అంచు."

చూపించాను.

"రంగు పూసిన్రు. రంపెతోని జర గీకు."

తోలు కోసే ఆ రంపె ఎక్కడిది ఇక్కడ, బ్లేడుతో ఓ గింజంత గీకాను. మధ్యలో నీలిబూడిద గీత కనబడింది.

"క్రోము తోలురా గది," అన్నాడు, టీ తాగుతూనే.

క్రోము తోలంటే బెరడుతో కాకుండా క్రోమియం లవణాలతో ఊనినది. 1918లో అది లేదని కాదు, బూట్ల పైతోలుకు అప్పటికే వాడేవారు. కానీ సైన్యం ఈ ఒరలు కుట్టించింది బెరడు తోలుతో, దాన్ని ఎక్కడ కోసినా లోపలిదాకా గోధుమరంగే.

తర్వాత దారం. కుట్టు చివర వేలాడుతున్న పోచకు అగ్గిపుల్ల తగిలించాను. నారదారమైతే కాలి బూడిదవుతుంది. ఇది కరిగి ముత్యంలా ముడుచుకుంది. నైలాన్‌ను డ్యూపాంట్ లోకానికి ప్రకటించిందే 1938లో. ఇరవై ఏళ్ళ ముందే దానితో ఒర కుట్టిన మొనగాడెవరో! రివెట్ల చుట్టూ చిలుము కూడా లేదు. తోలులోని కొవ్వు, రాగి కలిసిన చోట ఏళ్ళ తరబడి పచ్చటి మైనంలా పేరుకునేది అదే. లోపల వేలు పెట్టి తడిమితే పిస్టల్ అచ్చు పడ్డ జాడ లేదు, కొత్త పర్సులా నున్నగా ఉంది.

అన్నిటికన్నా నవ్వొచ్చింది మూత లోపల. ఒక చోట తోలును గీకి, మళ్ళీ రంగు పూశారు. టార్చిని పక్కవాటుగా పట్టి చూస్తే 'ఇండి' వరకు అక్షరాలు తేలాయి. ఇక్కడ నకళ్ళని చెప్పే అమ్మే హోల్‌స్టర్లు చాలావరకు మన దేశంలో కుట్టినవే, నలభై యాభై డాలర్లకు దొరుకుతాయి. అందులో తప్పేమీ లేదు. నేను 240 డాలర్లు పెట్టి, సముద్రం దాటి వచ్చి, మనవాళ్ళ చేతిపనినే కొనుక్కున్నానన్నమాట.

దుకాణానికి మెయిల్ రాస్తే "మా నిపుణుడు పరీక్షించాడు" అని జవాబు. దారం కరిగిన ఫొటో పంపాక నిపుణుడు మాయమయ్యాడు. వాపసు పంపితే 15 శాతం కోత, పోస్టేజీ నాదే అన్నారు. నాలుగు మెయిళ్ళ తర్వాత 150 డాలర్లు వెనక్కిచ్చి, వస్తువు ఉంచుకోమన్నారు. నా తప్పూ ఉంది: ప్రకటనలో ముందువైపు ఫొటోలే ఉన్నా, వెనక భాగం, మూత లోపలి భాగం అడగకుండానే డబ్బు కట్టాను. అడిగితే ఇవ్వని చోట కొనకండి.

ఇక వస్తువు సంగతి. తోలు దళసరిగా ఉంది, కుట్టు ఎక్కడా వంకర పోలేదు, అంచులు శ్రద్ధగా నునుపు చేశారు. నకలని చెప్పి నలభైకి అమ్మితే కళ్ళు మూసుకుని నాలుగు స్టార్లు ఇస్తాను. ఇప్పుడూ ఆ నాలుగూ కుట్టినవాళ్ళకే.

అసలుది తర్వాత ఒక గన్ షోలో దొరికింది. బల్ల వెనక ఉన్న ముసలాయన ఒరను నా చేతికి వెనకవైపు పైకి పెట్టి ఇచ్చాడు. ముందువైపు నేను అడిగితే తిప్పాడు. బేరం అలా మొదలవ్వాలి. 1918దే, కానీ నల్లరంగు పూసి ఉంది. 1950లలో సైన్యం గోధుమరంగు తోలు సామాన్లను నలుపుకు మార్చినప్పుడు పాతవాటికీ నల్లరంగు పట్టించారు. సేకరించేవాళ్ళకు అది నచ్చదు, అందుకే 65 డాలర్లకే వచ్చింది. మూత ఎత్తితే రంగు చేరని మూలల్లో పాత గోధుమరంగు అలాగే ఉంది. రివెట్ల దగ్గర చిలుము, లోపల పిస్టల్ ఆకారం. "చిలుము పుల్లతో తీసుకో, నూనె మాత్రం పెట్టకు, దారం కుళ్ళుతుంది," అన్నాడాయన. పిస్టల్ అందులో పెట్టి దాచొద్దని కూడా చెప్పాడు, తోలు తేమ పట్టి ఇనుము తుప్పెక్కుతుందట.

మొన్న నాయిన ఇక్కడికి వచ్చినప్పుడు రెండూ బల్ల మీద పెట్టాను. మొదటి యుద్ధంలో బ్రిటిష్ సర్కారు సైనికుల బూట్ల కోసం మద్రాసు నుంచి తంగేడు చెక్కతో ఊనిన తోళ్ళు కొన్నదని ఉత్సాహంగా చెబుతున్నాను. ఊఁ కొడుతూనే ఉన్నాడు కానీ చేతిలో ఉన్నది కొత్తదే. కుట్టు వెంట బొటనవేలు జరుపుతూ, "చెయ్యి మంచిగుంది. గిది కుట్టినోనికి ఎంత ఇచ్చిన్రంటవు?" అన్నాడు.