శ్రమకాలంలో పంచదార మానాలంటే: పూర్తిగానా, టీ కాఫీల్లోనా, బెల్లానికి మారడమా?

ఈస్టర్‌కు ముందు క్రైస్తవులు ఉపవాసం, ప్రార్థనలతో గడిపే నలభై రోజుల శ్రమకాలం దగ్గరపడే కొద్దీ మన ఇళ్లలో వినిపించే ప్రశ్న ఒకటే: "ఈసారి ఏం మానేస్తున్నారు?" చాలామంది చెప్పే జవాబు మాంసం. ఈమధ్య ఇంకో జవాబు కూడా గట్టిగా వినిపిస్తోంది, పంచదార. ఇంట్లో ఎవరికో షుగర్ ఉందని తేలాకో, "బోర్డర్‌లో ఉన్నారు, జాగ్రత్త" అని డాక్టరు చెప్పాకో ఈ ఆలోచన వస్తుంది. మన దేశంలో షుగర్ ఉన్నవాళ్లు 10 కోట్లు దాటారని 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) ఇండియాబ్ అధ్యయనం లెక్కగట్టింది. అలాంటి పరిస్థితిలో ఈ కాలాన్ని తిండి అలవాట్లు బాగుచేసుకోవడానికి వాడుకోవాలనుకోవడం మంచి ఆలోచనే. అయితే ఏది మానాలి, ఎంతవరకు మానాలి అన్నది ముందే తేల్చుకోకపోతే ఈస్టర్ మర్నాటికి అంతా మొదటికొస్తుంది.

ముందు మాంసం సంగతి. కతోలిక సంఘంలో శ్రమకాలం మొదలయ్యే విభూది బుధవారం, గుడ్ ఫ్రైడే రెండు రోజులూ ఉపవాసం, మాంసం మానడం నియమం. ఉపవాసం 18 నుంచి 59 ఏళ్ల వాళ్లకు, మాంసం మానడం 14 ఏళ్లు నిండినవాళ్లకు. ఈ కాలమంతా మాంసం ముట్టకపోవడం మాత్రం భక్తితో పెట్టుకున్న పద్ధతి. సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం), లూథరన్, బాప్టిస్టు వంటి ప్రొటెస్టెంట్ కుటుంబాల్లోనూ చాలామంది దీన్ని పాటిస్తారు. ఇందులో ఉన్న గొప్ప బలం ఇల్లంతా కలిసి చేయడం. వంటింట్లో వండకపోతే ఎవరూ తినరు, ఒకరి నిష్ఠ ఇంకొకరికి ఆసరా అవుతుంది.

కానీ ఆరోగ్యం కోసం అలవాటు మార్చుకోవాలన్న లెక్కలో చూస్తే మాంసం మానడం వల్ల మారేది తక్కువ. చాలా ఇళ్లలో మాంసం వండేదే వారానికి ఒకటి రెండు రోజులు. ఆ రోజున కూర స్థానంలో బంగాళాదుంప వేపుడు వస్తుంది, అన్నం ఇంకో గరిటె ఎక్కువ పడుతుంది, కడుపు నిండలేదనిపించి సాయంత్రం బిస్కెట్లు, కేకులు తింటారు. ఈస్టర్ రోజు బిర్యానీతో ఆ నియమం ముగుస్తుంది. ఆ తర్వాత కూడా కొనసాగించాలని ఎవరూ అనుకోరు, అనుకోనక్కర్లేదు కూడా. భక్తి కోసం మాంసం మానేవాళ్లు నిశ్చింతగా మానండి. పప్పు, పెరుగు, శనగలు, తింటే గుడ్డు తగ్గకుండా చూసుకుంటే చాలు. అలవాటు మారాలంటే మాత్రం రోజూ నాలుగైదుసార్లు చేతికొచ్చే వస్తువు మీద చెయ్యి పెట్టాలి. మన ఇళ్లలో అది పంచదారే.

లెక్క చూడండి. ఒక టీస్పూను పంచదార సుమారు 4 గ్రాములు. కప్పుకు రెండు స్పూన్లు, రోజుకు మూడు టీలు తాగే మనిషికి 24 గ్రాములు టీలోనే వెళ్లిపోతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, కలిపిన చక్కెరల నుంచి వచ్చే శక్తి రోజు మొత్తంలో 10 శాతం లోపు ఉండాలి, 5 శాతం లోపుకు తెస్తే ఇంకా మేలు. 5 శాతం అంటే పెద్దవాళ్లకు దాదాపు 25 గ్రాములు. అంటే మధ్యాహ్నం స్వీటు, సాయంత్రం కూల్‌డ్రింకు ఏవీ లేకుండానే టీతోనే ఆ హద్దు దగ్గరికి చేరిపోయాం. ఇక 300 ఎంఎల్ కోలా సీసా ఒక్కటి తాగితే దాదాపు 30 గ్రాములు అదనం.

పంచదార మానాలని నిర్ణయించుకున్నవాళ్ల ముందు మూడు దారులున్నాయి. అన్నిటికన్నా తేలిగ్గా కనిపించేది బెల్లానికో, తేనెకో మారడం. దీన్ని నేను ఒప్పుకోను. అనకాపల్లి బెల్లం రుచి మీద నాకు ఎంత ప్రేమ ఉన్నా, బెల్లంలో అధిక భాగం చక్కెరే. కొద్దిగా ఇనుము, ఇతర ఖనిజాలు ఉంటాయి గాని టీలో వేసుకునే పాటి బెల్లంతో ఒంటికి పట్టేది చాలా తక్కువ. తేనె కూడా ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో తగ్గించాల్సిన చక్కెరే. పైగా "బెల్లమే కదా" అన్న ధైర్యంతో కొంచెం ఎక్కువే వేస్తాం. తీపి మీద ఆశ అలాగే ఉంటుంది, గిన్నె మాత్రమే మారుతుంది. కృత్రిమ తీపి బిళ్లలదీ దాదాపు ఇదే కథ. బరువు తగ్గడానికి వాటి మీద ఆధారపడవద్దని అదే సంస్థ 2023లో చెప్పింది. ఆ సూచన ఇప్పటికే షుగర్ ఉన్నవాళ్లకు వర్తించదు, వాళ్లు డాక్టరు చెప్పినట్టు నడుచుకోవాలి. మిగతావాళ్లకు మాత్రం నాలుకను తీపికి కట్టేసి ఉంచే పనే అవి చేస్తాయి.

రెండో దారి, ఏ రూపంలోనూ పంచదార ముట్టకపోవడం. దీని అందం దాని స్పష్టత. కేకు ముక్క ఎదుటికొస్తే "ఇది తినొచ్చా, తినకూడదా" అని మనసులో బేరం ఉండదు. నిష్ఠ గట్టిగా ఉన్నవాళ్లకు, ఒంటరిగా వండుకునేవాళ్లకు ఇది బాగా నప్పుతుంది. శ్రమకాలంలో మనవాళ్ల పెళ్లిళ్లు అంతగా ఉండవు, అది కలిసొస్తుంది. కానీ ఈ దారిలో మొదటివారంలోనే ఎదురయ్యే చిక్కు ప్యాకెట్లు. టమాటా సాస్, బ్రెడ్డు, కార్న్‌ఫ్లేక్స్, పిల్లలకు పాలల్లో కలిపే పొడి, "డైజెస్టివ్" అని రాసిన బిస్కెట్టు, అన్నిట్లోనూ పంచదార ఉంటుంది. పదార్థాల జాబితాలో ఎక్కువ మోతాదు ఉన్నది ముందు రాయాలన్నది నియమం. మొదటి మూడు పేర్లలో పంచదార, గ్లూకోజ్ సిరప్, ఇన్వర్ట్ సిరప్, లిక్విడ్ గ్లూకోజ్ వంటివి కనిపిస్తే ఆ ప్యాకెట్ సంగతి తెలిసినట్టే. పోషకాల పట్టీలో కలిపిన చక్కెరల గ్రాములు విడిగా ఇస్తారు, అక్కడ చూస్తే ఇంకా సులువు. ఈ చదివే అలవాటు ఒక్కటి వంటబట్టినా శ్రమకాలం తర్వాత కూడా పనికొస్తుంది.

ఇంకో చిక్కు, ఇంట్లో మిగతావాళ్లు. ఒకరు పూర్తిగా మానితే సాంబారులో చిటికెడు బెల్లం వేశారా, చట్నీలో పంచదార పడిందా అని అడుగుతూ కూర్చోవాల్సి వస్తుంది. వండే మనిషి మీద భారం పెరుగుతుంది. ఉపవాసం మనది, శ్రమ అమ్మదో, భార్యదో అయితే అది సరైన ఉపవాసం కాదని నా నమ్మకం. పెద్దవాళ్లున్న ఇంట్లో ఈ దారి పదో రోజు దాటడం కష్టం.

నేను మేలని చెప్పేది మూడో దారి: తాగేవాటిలో పంచదార పూర్తిగా మానడం. టీ, కాఫీ, పాలు, కూల్‌డ్రింకు, ప్యాకెట్ జ్యూసు, బండి మీద బత్తాయి రసం, లస్సీ, సోడా షర్బత్, అన్నీ. తినేవాటిలో స్వీట్లు తగ్గించుకోండి గాని లెక్కలు వేసుకుంటూ టెన్షన్ పడకండి. తాగేవాటినే ఎందుకు పట్టుకోమంటున్నానంటే, మన రోజువారీ పంచదారలో పెద్ద వాటా వాటిదే, పైగా అది కడుపు నింపదు. తాపేశ్వరం కాజా తింటే తిన్నామని తెలుస్తుంది. నాలుగు కప్పుల టీలో పోయిన ఎనిమిది స్పూన్లు మనకు గుర్తుకూడా ఉండవు.

ఈ దారిలో అసలు పరీక్ష ఇంటి బయట ఎదురవుతుంది. ఇంట్లో కప్పులో వేసుకునే పంచదార మానడం సులువు. టీ బండి దగ్గర పాలు, పొడి, పంచదార కలిపే మరిగిస్తారు. హైదరాబాద్ ఇరానీ హోటల్లో చాయ్ తియ్యగానే వస్తుంది. ఆఫీసు మెషిన్‌లో పొడిలోనే పంచదార కలిపి ఉంటుంది. కాబట్టి ముందే ప్రత్యామ్నాయం అనుకుని ఉండాలి: బండి దగ్గర పాలు లేని బ్లాక్ టీ, లేదా మజ్జిగ ప్యాకెట్, ఆఫీసులో ఫ్లాస్కు. చుట్టాలింటికి వెళ్తే టీ వద్దనడం మర్యాద కాదు. "వదినా, నాకు పంచదార లేకుండా పెట్టు" అని టీ కలపకముందే చెబితే ఎవరూ నొచ్చుకోరు, కలిపి తెచ్చాక వద్దంటేనే ఇబ్బంది. శ్రమకాలం ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్ మధ్య తిరుగుతుంది, అంటే ఎండ ముదిరే కాలం. గుడ్ ఫ్రైడే రోజు పన్నెండు నుంచి మూడింటి దాకా ఆరాధనలో కూర్చుని బయటికొచ్చాక తియ్యని షర్బత్ చేతికిస్తే వద్దనడం కష్టమే. ఉప్పు వేసిన నిమ్మరసం, మజ్జిగ, కొబ్బరినీళ్లు ఇచ్చే ఏర్పాటు సంఘమే చేస్తే అందరికీ మేలు. యౌవనస్థుల కూటమి పూనుకుంటే అదేమంత పెద్ద పని కాదు.

ఒక జాగ్రత్త. పంచదారతో పాటు టీ, కాఫీ కూడా ఒకేసారి మానకండి. కెఫీన్ ఒక్కసారిగా ఆగితే పన్నెండు నుంచి ఇరవైనాలుగు గంటల్లో తలనొప్పి మొదలై కొందరికి వారం దాకా ఉంటుంది. ఆ తలనొప్పిని పంచదార మానడం వల్ల వచ్చిందనుకుని మూడో రోజే నియమం వదిలేసేవాళ్లు ఉన్నారు. టీ ఉంచుకోండి, పంచదార తీసేయండి. అర స్పూను చొప్పున వారం వారం తగ్గించడం మేలా అని అడుగుతారు. వృద్ధులకు అది బాగానే ఉంటుంది. మిగతావాళ్లకు నేను ఒక్కసారే మానమంటాను, ఎందుకంటే టీ కలిపేది చాలాసార్లు ఇంకొకరు, వాళ్ల చేతి అర స్పూను రోజుకో రకంగా ఉంటుంది.

షుగర్ మందులు, ముఖ్యంగా ఇన్సులిన్ వాడేవాళ్లు ఉపవాసం మొదలుపెట్టే ముందే డాక్టరుతో మాట్లాడాలి. రక్తంలో చక్కెర 70 కంటే పడిపోయి చెమటలు, వణుకు వస్తే వెంటనే గ్లూకోజో, పంచదార నీళ్లో తాగాలి. అది నియమం తప్పడం కాదు, ప్రాణం కాపాడుకోవడం.

ఆదివారాల సంగతి ఏటా వాదనే. విభూది బుధవారం నుంచి ఈస్టర్ ముందు రోజు దాకా 46 రోజులు. ఆరు ఆదివారాలు తీసేస్తే 40. ఆదివారం ప్రభువు దినం కాబట్టి ఉపవాసం ఉండకూడదని కొందరు, మధ్యలో ఆపితే నిష్ఠ పోతుందని కొందరు. నా మాట: ఆదివారం భోజనంలో పాయసం ఉంటే తినండి, టీలో మాత్రం పంచదార వేయకండి. తీపి పండుగరోజు వస్తువుగా మారాలి, రోజువారీ వస్తువుగా పోవాలి. ఉగాది కూడా తరచుగా ఈ కాలంలోనే వస్తుంది, 2026లో మార్చి 19న వచ్చింది. పక్కింటివాళ్లు ప్రేమతో బొబ్బట్టు తెచ్చిస్తే తీసుకుని తినడంలో తప్పేం లేదు.

"ఇదంతా డైటింగే కదా, దీనికి సిలువ పేరెందుకు?" అని సంఘంలో పెద్దలు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. విభూది బుధవారం కతోలిక దేవాలయాల్లో చదివే సువార్త మత్తయి ఆరో అధ్యాయంలోది: ఉపవాసం ఉన్నప్పుడు నలుగురికీ తెలిసేలా ఉండొద్దని. అక్కడే ప్రార్థనతో, దానధర్మాలతో కలిపి ఉపవాసం గురించి చెప్పడం ఉంది. యెషయా 58వ అధ్యాయం ఇంకా సూటిగా, ఆకలిగొన్నవాడికి నీ ఆహారం పెట్టడమే ఉపవాసమంటుంది. కాబట్టి ఒళ్లు తగ్గాలని మాత్రమే చేసేదైతే దానికి శ్రమకాలం అక్కర్లేదు, ఏ నెలలోనైనా చేసుకోవచ్చు. ప్రార్థన, దానం తోడైతే అదే పని ఇక్కడ ఇమిడిపోతుంది. ఇంట్లో మిగిలే పంచదార ఖర్చు కొంచెమే, కిలో యాభై రూపాయల చుట్టూ ఉంటుంది. కూల్‌డ్రింకు, బేకరీ, ఐస్‌క్రీం డబ్బు లెక్కేస్తే మాత్రం బాగానే తేలుతుంది. దాన్ని రోజూ ఒక డబ్బాలో వేసి ఊళ్లో ఎవరి అవసరానికైనా ఇవ్వండి. కతోలిక సంఘపు సేవా సంస్థ కారిటాస్ ఇండియా ఏటా ఈ కాలంలో నడిపే సేకరణకైనా పంపవచ్చు. పిల్లలకు చాక్లెట్ మానమని చెప్పేటప్పుడు ఆ డబ్బా వాళ్ల చేతికే ఇస్తే, మానడం వాళ్లకు శిక్షలా అనిపించదు.

నలభై రోజుల్లో అలవాటు కుదురుతుందా? లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు కొత్త అలవాట్లు పెట్టుకున్నవాళ్లను గమనిస్తే, అది తనంతట తాను జరిగిపోయే స్థితికి రావడానికి సగటున 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజుల్లోనే, కొందరికి 254 రోజుల దాకా. మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన పెద్ద నష్టం లేదని కూడా వాళ్లే చూశారు. కాబట్టి పుట్టినరోజు కేకు తిన్నారని అంతా వదిలేయనవసరం లేదు. 2016లో అమెరికాలో జరిగిన మరో అధ్యయనంలో, చక్కెర బాగా తగ్గించుకున్నవాళ్లకు అదే పుడ్డింగు ఎక్కువ తియ్యగా అనిపించడం రెండో నెలలో మొదలైంది. అంటే నాలుక మారే సమయానికి మన శ్రమకాలం అయిపోతుంది. ఈస్టర్ మర్నాడు టీలో రెండు స్పూన్లు వేసుకుంటే నాలుకకు ఆ అవకాశమే లేకుండా పోతుంది.

అందుకే తేదీని ఈస్టర్ దగ్గర ఆపకుండా, ఆ తర్వాత ఏడో ఆదివారం వచ్చే పెంతెకొస్తు పండుగ దాకా జరపమంటాను. 2027లో విభూది బుధవారం ఫిబ్రవరి 10న, ఈస్టర్ మార్చి 28న, పెంతెకొస్తు మే 16న. మొత్తం 95 రోజులు. ఈస్టర్ పండుగ కాలమే కాబట్టి స్వీట్లు తినండి, మామిడిపళ్లు వస్తాయి, అవీ తినండి. టీ, కాఫీ, శీతల పానీయాల నియమం మాత్రం అలాగే ఉంచి, పెంతెకొస్తు ఆదివారం ఉదయం పాత పద్ధతిలో రెండు స్పూన్లు వేసిన టీ ఒక గుక్క తాగి చూడండి. అప్పుడు కూడా అదే బాగుందనిపిస్తే వేసుకోండి.