గాజువాక వైపు ఒక ప్రైవేటు ఐటీఐ, ఫిట్టర్ కోర్సు: 5కి రెండున్నర

మా మేనల్లుడు ఇక్కడే రెండేళ్లు ఫిట్టర్ (యంత్రాల భాగాలు చెక్కి బిగించే పని) చేసి, పాసై, ఇప్పుడు ఒక కంపెనీలో అప్రెంటిస్‌గా, అంటే స్టైపెండు మీద పని నేర్చుకుంటూ ఉన్నాడు. కాలేజీ పేరు రాయను, ఎందుకంటే ఇందులో ఉన్న లోపాలు చాలా ప్రైవేటు ఐటీఐల్లో కనిపించేవే. పదో తరగతి ఫలితాలు రాగానే ఐటీఐయా, పాలిటెక్నికా, ఇంటర్ చదివించి బీటెక్కా అని ఇంటింటా టెన్షనే కదా, వాళ్లకి పనికొస్తుందని రాస్తున్నా. నేను డిప్లొమా చేసి పరవాడ ఫార్మాసిటీలో మెయింటెనెన్స్‌లో పనిచేస్తాను.

ముందు మంచి సంగతి. మొదటి ఏడాది ఇన్‌స్ట్రక్టర్ గట్టివారు. చదునైన ఇనుప పట్టీ ముక్క వైస్‌లో (బల్లకుండే బిగింపు పట్టు) బిగించి, ఆకురాయితో రాకి, మూల సరిగ్గా ఉందో చూసే ట్రై స్క్వేర్ ఆనించి, వెలుతురుకి ఎత్తి చూడమనేవారు, సందులోంచి వెలుగు కనిపిస్తే మళ్లీ మొదలు. మావాడు ఇంటికొచ్చి ‘ఏంటి మావయ్యా, మెషిన్ ముట్టుకోనివ్వరు, రోజంతా ఇనుము రాకడమే’ అని ఒకటే గోల. కానీ చెయ్యి తిరిగేది అక్కడే. మా ప్లాంటులో పంపు షాఫ్ట్‌కి కొత్త కీ (షాఫ్ట్ గాడిలో కూర్చునే చిన్న ఇనుప ముక్క) వెయ్యమంటే ఒకడు సుత్తి తీసుకుని బాదుతాడు, ఇంకొకడు అంచుల మీద రెండుసార్లు ఆకురాయి ఆడించి, తుడిచి, వేలితో నొక్కి చూసుకుని అప్పుడు దింపుతాడు. రెండోవాడు ఎలాంటి మేష్టారు దగ్గర నేర్చుకున్నాడో అడగక్కర్లేదు.

రెండో ఏడాది మాత్రం దండగ. షెడ్డులో లేత్‌లు (ఇనుమును తిప్పుతూ చెక్కే మెషిన్లు) వరసగా ఉన్నాయి, తిరిగేది ఒక్కటే, బ్యాచ్‌లో 20 మంది. సిలబస్‌లో హైడ్రాలిక్స్, న్యూమాటిక్స్ (నూనె, గాలి ఒత్తిడితో మెషిన్లు నడపడం) ఉన్నాయి, ఆ కిట్ అద్దాల బీరువాలో తాళం వేసి ఉంటుంది, తనిఖీకి వచ్చినప్పుడు తీస్తారట. 80 శాతం హాజరు లేకపోతే పరీక్షకి కూర్చోనివ్వకూడదని రూలు, ఇక్కడేమో డబ్బు కడితే సర్దేస్తామని ఆఫీసులో మొహం మీదే చెప్పారు, రోజూ వెళ్లే పిల్లాడికి ఎంత మండుతుందో ఆలోచించండి. గేటు మీద ‘వంద శాతం ప్లేస్‌మెంట్’ ఫ్లెక్సీ. తీరా చూస్తే ఒక లేబర్ కాంట్రాక్టర్ వచ్చి పేర్లు రాసుకుపోయాడు, అంతే.

అయితే సర్టిఫికెట్ చేతికొచ్చాక దారి తెరుచుకుంటుంది, ఆ రెండున్నరా దానికే. రైల్వే అప్రెంటిస్‌కి పరీక్ష లేదు, పదో తరగతి, ఐటీఐ మార్కుల మెరిట్ మీదే తీసుకుంటారు. అది పూర్తిచేసినవాళ్లకి రైల్వే లెవెల్-1 (అన్నిటికన్నా కింది స్థాయి) ఉద్యోగాల్లో 20 శాతం కోటా ఉంది. విశాఖలో నేవల్ డాక్‌యార్డ్ అప్రెంటిస్ స్కూలు ఉంది, దానికి మాత్రం రాతపరీక్ష. మావాడికి ఈ రెండూ రాలేదు, ప్రైవేటు కంపెనీలో దొరికింది. 2019 రూల్స్‌లో ఐటీఐ పాసైన వాళ్లకి స్టైపెండు నెలకి కనీసం 7,000 అని పెట్టారు, ఇప్పుడెంతో కనుక్కోండి, పీఎఫ్ ఈఎస్ఐ ఉండవు, ఏడాది అయ్యాక ఉద్యోగం ఇచ్చి తీరాలన్న నిబంధనా లేదు. ఇవి ముందే తెలుసుకుని చేరండి. అయినా ఒక్క షట్‌డౌన్‌లో (రిపేర్ల కోసం ప్లాంటు ఆపినప్పుడు) పంపులు విప్పి, బేరింగులు మార్చి, షాఫ్ట్ చుట్టూ లీకు ఆపే గ్లాండ్ ప్యాకింగ్ వేసి వాడు నేర్చుకున్నంత ఆ రెండో ఏడాదంతా నేర్చుకోలేదు. అప్రెంటిస్‌కి నేనైతే 5కి 4 ఇస్తాను.

మరి పాలిటెక్నిక్, బీటెక్ సంగతి? లెక్కలు ఓ మాదిరిగా వచ్చినా పాలిసెట్ (పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష) రాయించండి, ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో సీటొస్తే ఇంకేం ఆలోచించొద్దు. మూడేళ్ల డిప్లొమా అయ్యాక ఈసెట్ ప్రవేశ పరీక్ష రాసి నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు. ఐటీఐ చేసినవాళ్లకీ డిప్లొమా రెండో ఏడాదిలో చేరే వీలుంది, తెలంగాణలో ఎల్‌పీసెట్ అనే ప్రవేశ పరీక్ష ద్వారా, ఆంధ్రాలో బ్రిడ్జి కోర్సు చేసి. ఈ సంగతి చాలామందికి తెలియక ఐటీఐ అంటే చదువు ఆగిపోయినట్టేనని ఏడుస్తారు. డిజైన్ వైపు వెళ్లాలనో ఎంటెక్ కోసం గేట్ పరీక్ష రాయాలనో పట్టుదల ఉన్న పిల్లలకి బీటెక్ సరే. పక్కింటివాళ్లు చేర్పించారని ఏదో ఒక కాలేజీలో మెకానికల్ చేయించి, నాలుగేళ్ల తర్వాత అదే ట్రైనీ పోస్టుకి డిప్లొమావాడి పక్కన లైన్లో నిలబెట్టడం దేనికో నాకు అర్థం కాదు.

ఏ ఐటీఐలో అయినా చేర్పించే ముందు మామూలు పనిరోజు పదకొండింటికి చెప్పకుండా వెళ్లి వర్క్‌షాప్ చూపించమనండి. లేత్ కింద ట్రేలో ఇనుప రజను ఉందా, కూలెంట్ (చెక్కేటప్పుడు చల్లార్చడానికి పోసే ద్రవం) తడి ఉందా చూడండి. కొత్త పెళ్లికూతురిలా మెరుస్తుంటే దాన్ని ఎవరూ నడపట్లేదని అర్థం. సర్టిఫికెట్ జాతీయ గుర్తింపు ఉన్నదేనా (ఇదివరకు ఎన్‌సీవీటీ అనేవారు) అని అడగండి. ప్రభుత్వ ఐటీఐలో సీటు దొరికే అవకాశం ఏమాత్రం ఉన్నా ముందు అక్కడే అప్లై చేయండి, ఫీజు నామమాత్రం.

వాడి చెల్లెలు వచ్చే ఏడు పది రాస్తుంది. దానికి లెక్కలు బాగా వస్తాయి, పాలిసెట్ పుస్తకాలు ఇప్పుడే కొనేశాం.