చుంచెలుకల డిప్రెషన్ పరీక్షలు: తోకకు సెన్సరా, నీళ్లకు కెమెరానా, సీసాకు లికోమీటరా?

డిప్రెషన్ మందుల పరీక్షలో చుంచెలుక ఎన్ని సెకన్లు కదలకుండా ఉందో స్టాప్‌వాచ్ పట్టుకుని లెక్కపెట్టడం ల్యాబులో ఎవరికీ ఇష్టం లేని పని. పదో ఎలుక దగ్గరికొచ్చేసరికి కళ్లు వాలిపోతాయి. పొద్దున ‘కదిలింది’ అని రాసుకున్నదాన్నే సాయంత్రం ‘కదల్లేదు’ అంటాం. ఆటోమేటిక్ పరికరాలు వచ్చింది అందుకే. అయితే ఏ మోడల్ కొనాలన్నది తర్వాత, ముందు ఏ పరీక్షకో తేల్చుకోవాలి.

తోక పరీక్షను స్టెరూ బృందం 1985లో ప్రచురించింది. తోక చివర టేపు అంటించి ఎలుకను 6 నిమిషాలు తలకిందులుగా వేలాడదీస్తారు. కాసేపు గింజుకుని ఊరుకుంటుంది, ఆ నిశ్చలతనే దిగులుకు గుర్తుగా లెక్కిస్తారు. డిప్రెషన్ మందు ఇస్తే ఇంకా ఎక్కువసేపు గింజుకుంటుంది. ఆటోమేటిక్ పెట్టెలో కొక్కేనికి స్ట్రెయిన్ గేజ్ (లాగుడును కొలిచే సెన్సర్) ఉంటుంది కాబట్టి ఎంతసేపు గింజుకుందో, ఎంత గట్టిగా గింజుకుందో రెండూ తెలుస్తాయి. ఆ రెండోది స్టాప్‌వాచ్ వల్ల కాదు.

చిక్కంతా త్రెషోల్డ్ (ఎంత కదిలితే ‘కదిలింది’ అని లెక్కించాలన్న హద్దు) దగ్గరే. ఒక్కసారి గట్టిగా విదిలించి ఆగిపోయిన ఎలుక గోడ గడియారం లోలకంలా కాసేపు ఊగుతూనే ఉంటుంది. ఎలుక ఊరుకున్నా గేజ్ మాత్రం ఇంకా కదులుతోందనే రాసుకుంటుంది. త్రెషోల్డ్ పెంచితే ఆ ఊపు లెక్కలోంచి పోతుంది గానీ, నీరసంగా గింజుకున్న సెకన్లూ దాంతోపాటే పోతాయి.

సీ57 బ్లాక్ 6 రకం నల్ల ఎలుకలతో ఇంకో తమాషా ఉంది. వాటిలో చాలా వరకు తమ తోకనే తాడులా పట్టుకుని పైకి పాకేస్తాయి. పైకెక్కి టేపును పట్టుకుని కదలకుండా ఉన్న ఎలుకను గేజ్ ‘నిశ్చలం’ ఖాతాలో వేసేస్తుంది. తప్పించుకున్న ఎలుకకే దిగులు ఎక్కువని తేలుతుంది! తోకకు చిన్న ప్లాస్టిక్ గొట్టం తొడిగితే ఈ పాకుడు చాలావరకు ఆగుతుంది. అయినా పక్కన ఒక కెమెరా ఉండాల్సిందే.

పోర్సోల్ట్ 1977లో చెప్పిన ఈత పరీక్షలో 23-25 డిగ్రీల నీళ్లున్న గాజు సిలిండర్‌లో ఎలుకను 6 నిమిషాలు వదిలి, సాధారణంగా చివరి 4 నిమిషాలు లెక్కిస్తారు. ఇక్కడ పని కెమెరాది, పిక్సెళ్లు ఎంత మారాయో సాఫ్ట్‌వేర్ చూస్తుంది. అదే సాఫ్ట్‌వేర్ ఓపెన్ ఫీల్డ్‌కూ (ఖాళీ పెట్టెలో ఎలుక ఎంత తిరుగుతుందో చూసే పరీక్ష) పనికొస్తుంది కాబట్టి డబ్బు కలిసొస్తుంది. కానీ నీటి అలలు, గాజు మీద మెరుపు, తేలుతూ పక్కకు జరిగే ఎలుక, మునగకుండా అది వేసే ఒక్క కాలు తాపు అన్నీ సాఫ్ట్‌వేర్‌కు కదలికలాగే కనిపిస్తాయి. పైగా ప్రతి ఎలుకనూ తుడిచి వెచ్చబెట్టాలి. ఎస్‌ఎస్‌ఆర్‌ఐ అనే రకం డిప్రెషన్ మందుల ప్రభావం చుంచెలుకల్లో ఈత కంటే తోక పరీక్షలోనే నమ్మకంగా బయటపడుతుంది. ఆస్ట్రేలియాలోని న్యూసౌత్‌వేల్స్ అయితే 2024లో ఈత పరీక్షను చట్టంతోనే నిషేధించింది. పాత డేటాతో పోల్చాల్సిన అవసరం ఉంటే తప్ప కొత్తగా దీనికి ఖర్చు పెట్టమని నేను చెప్పను.

ఈ రెంటికీ ఒకే జబ్బు ఉంది. యాంఫెటమిన్ లాంటి ఉత్తేజకం ఇచ్చినా ఎలుక ఎక్కువ కదులుతుంది, యంత్రం దాన్నీ డిప్రెషన్ మందులాగే చూపిస్తుంది. ఓపెన్ ఫీల్డ్‌లో మామూలు కదలిక చూడకుండా ఆ అంకెల్ని నమ్మకూడదు. ఇంకోటి, మనుషుల్లో పనిచేయడానికి వారాలు పట్టే మందు ఇక్కడ ఒక్క డోసుతో అరగంటలో ఫలితం చూపిస్తుంది. అలాంటప్పుడు ఆ నిశ్చలత్వాన్ని ‘నిరాశ’ అనడానికి నాకు మనసొప్పదు.

లికోమీటర్ పద్ధతే వేరు. ఎలుక తన బోనులోనే ఉంటుంది, రెండు సీసాల్లో ఒకదాంట్లో నీళ్లు, ఒకదాంట్లో 1-2 శాతం చక్కెర నీళ్లు. నాలుక తగిలిన ప్రతిసారీ సెన్సర్ లెక్కవేస్తుంది. తీపి మీద ఆసక్తి తగ్గిందా అన్నదే ప్రశ్న. సీసాల బరువు తూచే పద్ధతిలో నాలుగు చుక్కలు కారితే లెక్క చెడుతుంది, ఇందులో ఆ బాధ తక్కువ. కాకపోతే విద్యుత్ స్పర్శతో పనిచేసే రకంలో పాదం తగిలినా ‘నాకింది’ అనే పడుతుంది. ఎలుక ఒకే పక్కకు అలవాటుపడకుండా సీసాలు మారుస్తుండాలి. పరీక్షకు రోజులు పడుతుంది.

మందుల్ని జల్లెడ పట్టాలంటే కెమెరా ఉన్న తోక పెట్టె మేలు. దీర్ఘకాల ఒత్తిడి మోడల్ (ఎలుకను చాలాకాలం ఒత్తిడిలో ఉంచే ప్రయోగం) మీద పనిచేసేవాళ్లు లికోమీటర్‌కే వెళ్లాలి. ఏది కొన్నా ముందు పది ఎలుకల వీడియోను, ఏ మందు ఇచ్చారో తెలియని ఇద్దరితో చేత్తో లెక్కపెట్టించి యంత్రం అంకెలతో పోల్చండి. ముడి సిగ్నల్ ఫైలు ఇవ్వకుండా చివరి సెకన్లు మాత్రమే చూపించే పెట్టెను ఎంత తక్కువకు ఇస్తామన్నా నేను తీసుకోను.