డిష్ రీఛార్జ్ ఆపేసి మూడేళ్లు దాటింది

మా ఇల్లు హనుమకొండలో. మేడ మీద వాటర్ ట్యాంకు పక్కన డిష్ ఇప్పటికీ ఉంది, కనెక్షనే లేదు. 2022 దసరా అయ్యాక రీఛార్జ్ చేయడం మానేశాం. ఓటీటీల మీద మోజుతో కాదు, కోతుల వల్ల. మా వైపు కోతుల సంగతి తెలిసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ఒక మంద వచ్చి డిష్ అంచు పట్టుకుని ఊగేది, అది రవ్వంత పక్కకు తిరిగేది, కింద టీవీలో సిగ్నల్ లేదని వచ్చేది. మనిషి వచ్చి సరిచేసి వెళ్లిన ప్రతిసారీ మూడు వందలు. నాలుగోసారి మా ఆయన "ఎలాగూ ఇంట్లో నెట్ ఉంది కదా, ఇది ఎందుకు?" అన్నారు.

ఆ "ఎలాగూ" దగ్గరే మా లెక్క తప్పింది. డిష్ ఉన్నప్పుడు, 2019లో టీవీ ఛానళ్ల రేట్ల నియమాలు పెట్టే ప్రభుత్వ సంస్థ ట్రాయ్ కొత్త పద్ధతి పెట్టాక, డబ్బు కట్టే ఛానల్ ఒక్కటీ తీసుకోకముందే నెలకు నెట్‌వర్క్ ఫీజు 130, జీఎస్టీతో 153 రూపాయలు పడేది. తెలుగు ప్యాక్, పిల్లలవి, స్పోర్ట్స్ కలుపుకుంటే నెలకు నాలుగు వందల చిల్లర. ఏడాదికి ఐదు వేల లోపే. నిరుడు యాప్‌లకు కట్టినవన్నీ కూర్చుని రాశాను. ప్రైమ్ 1,499. నెట్‌ఫ్లిక్స్‌లో నెలకు 199 ప్లాన్, అంటే 2,388, అదీ ఒకరు చూస్తుంటే ఇంకొకరికి కుదరని ప్లాన్. మిగతా నాలుగూ కలిపి రెండున్నర వేల చిల్లర. ఆరు వేలు దాటింది, నెట్ బిల్లు కాకుండా. డబ్బు మిగులుతుందని మారాలనుకునేవాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు.

అన్ని యాప్‌లు ఎందుకంటే, స్టార్ మా సీరియల్‌కి హాట్‌స్టార్ కావాలి, జీ తెలుగుకి జీ5, జెమినికి సన్ నెక్స్ట్, ఈటీవీకి ఈటీవీ విన్. డిష్‌లో ఇవన్నీ ఒకే రిమోట్ మీద పక్కపక్క నంబర్లు. ఇప్పుడు నాలుగిళ్లకు నాలుగు తాళాలు. రెండో ఏడాది నుంచి అన్నీ ఒకేసారి ఉంచడం మానేసి, ఒకటి ఆపి ఒకటి కడుతున్నాం. కట్టిన రోజే ఆటోపే తీసేస్తాను. తీయకపోతే ఎవరూ చూడని యాప్‌కి నెలల తరబడి డబ్బులు పోతూనే ఉంటాయి. మాకు ఐదు నెలలు పోయాయి.

అసలు సంగతి మా అత్తమ్మది. ఆమెకు అరవై ఎనిమిదేళ్లు, తెలుగు బాగా చదువుతుంది, ఇంగ్లిష్ రాదు. డిష్ ఉన్నప్పుడు ఛానల్ నంబర్లన్నీ ఆమెకు నోటికి వచ్చు. బాక్స్ ఆన్ చేస్తే రాత్రి ఆపిన ఛానలే వచ్చేది, చీకట్లోనే మూడు అంకెలు నొక్కి ఎస్వీబీసీ పెట్టుకునేది. నేను లేచేసరికి సుప్రభాతం వినిపిస్తుండేది. మారిన మొదటి వారం టీవీ ఆన్ చేస్తే పోస్టర్లు. ఒకటి నొక్కితే ఎవరు చూస్తున్నారని నాలుగు బొమ్మలు. ఆమె రిమోట్ నా చేతిలో పెట్టి, "గిదేందమ్మా, టీవీ పెడితే అది నన్నే అడుగుతాంది, ఏం జూస్తవని" అంది.

నవ్వొచ్చింది కానీ, ఆమె చెప్పింది నిజం. డిష్ టీవీ దానంతట అది నడిచేది. బియ్యం ఏరుకుంటూ, కూరగాయలు తరుగుతూ ఏది వస్తే అది చూసేవాళ్లం. ఇప్పుడు మా ఇంట్లో రాత్రి అన్నాలప్పుడు ఏం చూద్దామని వెతకడంలోనే ఇరవై నిమిషాలు పోయి, చివరికి పిల్లలు యూట్యూబ్ పెట్టేస్తారు. మూడేళ్ల తర్వాత కూడా దీనికి నాకు విరుగుడు దొరకలేదు.

అత్తమ్మ కోసం చేసినవి మాత్రం పనిచేశాయి. ఆమె చూసే యాప్‌లను హోమ్‌లో మొదటి వరుసకు తెచ్చి, మిగతావి వెనక్కి తోశాను. రిమోట్‌లో బ్యాక్ బటన్ మీద ఎర్ర నెయిల్ పాలిష్‌తో చుక్క పెట్టాను, ఎక్కడ ఇరుక్కున్నా ఎర్ర చుక్క నొక్కమని. మాటతో వెతకడం కూడా నేర్పాను కానీ, సీరియల్ పేరు చెబితే ఏదో పాట వచ్చేది. 2025 ఫిబ్రవరిలో హాట్‌స్టార్, జియోసినిమా కలిసిపోయి పేరు, బొమ్మ మారాయి, అప్పుడు మళ్లీ మొదటి నుంచి చూపించాల్సి వచ్చింది.

క్రికెట్ చూసే ఇల్లయితే ఇంకో మాట. యాప్‌లో లైవ్ అంటే లైవ్ కాదు, మా ఇంట్లో అర నిమిషం దాకా వెనక ఉంటుంది. 2024 జూన్ 29న టీ20 ప్రపంచకప్ ఫైనల్ చివరి ఓవర్. మా టీవీలో మిల్లర్ ఇంకా బంతి కొట్టనే లేదు, ఎదురింటి డిష్ వాళ్లు అరుపులు మొదలుపెట్టారు. బౌండరీ దగ్గర సూర్యకుమార్ పట్టిన ఆ క్యాచ్‌ని ఫలితం తెలిసిపోయాక చూశాం. మా వాడు ఇప్పటికీ మర్చిపోలేదు. ఇప్పుడు పెద్ద మ్యాచ్ ఉంటే ఎదురింటికే పోతాడు.

నెట్ స్పీడ్ గురించి దుకాణంలో చెప్పేదంతా నమ్మకండి. హెచ్‌డీ సినిమాకు ఐదు ఎంబీపీఎస్ నిలకడగా వస్తే సరిపోతుంది, గంటకు మూడు జీబీ దాకా లాగుతుంది. మాది వంద ఎంబీపీఎస్, అయినా మొదట్లో బొమ్మ ఆగి చక్రం తిరిగేది. రూటర్ ముందు గదిలో, టీవీ రెండు గోడల అవతల. ప్లాన్ పెంచమన్నారు. పెంచకుండా రూటర్ నుంచి టీవీకి ల్యాన్ కేబుల్ లాగించాం, ఆ రోజుతో చక్రం పోయింది. ముసురు పట్టినప్పుడు డిష్‌లో బొమ్మ ముక్కలయ్యే బాధ ఇందులో లేదు. కానీ ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నా, వీధి చివర నెట్ డబ్బాకు కరెంటు లేకపోతే నెట్ పోతుంది. ఇక కోతులంటారా, అవి ఇప్పుడు స్తంభం నుంచి ఇంటికి వచ్చే ఫైబర్ వైరు పట్టుకుని ఊగుతున్నాయి. ఈ మూడేళ్లలో రెండుసార్లు తెంపాయి.

ఇంత చెప్పినా మళ్లీ డిష్ పెట్టించుకోలేదు. పిల్లలు ఏం చూశారో నాకు తెలుస్తుంది. న్యూస్ ఛానళ్లు యూట్యూబ్‌లో లైవ్‌గా ఉచితంగానే వస్తాయి, ఎస్వీబీసీ కూడా. 2024 ఫిబ్రవరిలో మోకాళ్ల నొప్పులతో అత్తమ్మ మేడారం పోలేకపోయింది. చిలకలగుట్ట నుంచి సమ్మక్కను తెచ్చేటప్పుడు ఆ పూటంతా టీవీ ముందే దండం పెట్టుకుని కూర్చుంది.

మొన్న అత్తమ్మ కరీంనగర్‌లో మా ఆడబిడ్డ ఇంటికి పోయి పది రోజులుండి వచ్చింది. అక్కడ ఇంకా డిష్షే. పాత రిమోట్ దొరికింది కాబట్టి సంబరంగా ఉంటుందనుకున్నాం. వస్తూనే, "వాళ్ల టీవీల నిన్నటిది పెట్టుమంటే రాదంట, పోయింది పోయినట్టేనంట" అంది. చెప్పులు విడిచి, కాళ్లు కడుక్కుని, చూడకుండా మిగిలిన ఎపిసోడ్లన్నీ వరుసగా పెట్టుకుంది. రాత్రి పదిన్నర దాకా రిమోట్ ఇవ్వలేదు. మా ఆయన న్యూస్ ఫోన్‌లో చూసుకున్నారు.